పదో కుచ్చి

సూది తుప్పు పట్టి ఉన్నిబట్టలో అతుక్కుపోయింది. సీనా దాన్ని లాగలేదు. లాగితే పోగు తెగుతుంది. ఎడమచేతి రెండు వేళ్ళతో బట్టని నొక్కి పట్టుకుని, కుడిచేత్తో సూదిని అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ పోయింది. నాలుగేళ్ళుగా కదలని సూది. మధ్యలో ఒకసారి ఆగి, రోజంతా చేపల కత్తి పట్టుకుని బిగుసుకుపోయిన వేళ్ళు విదిలించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి సూది ఊడి చేతికొచ్చింది. పదో కుచ్చి మీద ఆవగింజంత గోధుమరంగు మచ్చ మిగిలింది.

“నీకేమైనా మతుందా సీనా?” అంది ఎఫ్ఫీ.

ఎఫ్ఫీ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని టీలో వెన్నరొట్టె ముంచుకు తింటోంది. ఆమె గిబ్బీకి అక్క. గిబ్బీ సీనాకి మొగుడు. అంటే, కిందటి శీతాకాలం కోర్టు కాగితాలు వచ్చేదాకా మొగుడు. తమ్ముడు ఇల్లు విడిచిపోయి నాలుగేళ్ళయినా ఎఫ్ఫీ ఆ ఇంటికి రావడం మానలేదు. పొద్దున చేపల షెడ్డులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి హాడక్ చేపలు చీరతారు, సాయంత్రం ఇక్కడ టీ తాగుతారు.

“నిన్నొదిలేసి ఎల్గిన్ పోయాడు. అక్కడ ఇంకోదాన్ని చేసుకుంటున్నాడు. ఆ పెళ్ళికి వాడు కట్టుకునే కిల్టు నువ్వు కుట్టి పంపుతావా? ఆ చేత్తోనే పెళ్ళి కేకు కూడా చేసి పంపు. అదొక్కటీ ఎందుకు తక్కువ!”

“బట్ట అతనిది వదినా. పుట్టినరోజుకిచ్చాను. ఇచ్చింది ఇచ్చినట్టే.”

“ఇచ్చింది బట్టేగా. బట్టే పంపు. మూటగట్టి నేనే వాడి మొహాన కొట్టొస్తా.”

“సగం కుట్టింది ఎలా పంపను?” అంది సీనా. తుప్పుపట్టిన సూదిని కాగితంలో చుట్టి పారేసి, డబ్బాలోంచి కొత్తది తీసుకుంది.

మా రేవుల్లో పేర్లు తక్కువ, మనుషులెక్కువ. కొడుకు పుడతాడనుకుని కూతురు పుడితే తండ్రి పేరుకే తోక తగిలించి పిలుస్తారు. జేమ్స్ కౌవీ కూతురు కాబట్టి జేమ్సీనా, పొట్టిగా సీనా. పెళ్ళయినా ఇక్కడ ఆడవాళ్ళకి పుట్టింటి పేరు పోదు. ఊరందరికీ ఆమె సీనా కౌవీయే. పదిహేనో ఏట చేపల షెడ్డులో చేరింది. ఇప్పుడు నలభై ఏడు.

కుట్టుపని ఆమెకెవరూ నేర్పలేదు. కిల్టంటే మా వైపు మగవాళ్ళు నడుం నుంచి మోకాళ్ళదాకా చుట్టుకునే, వెనక కుచ్చిళ్ళున్న గళ్ళ ఉన్నిబట్ట. తాత సైన్యంలో కట్టిన కిల్టు ఒకటి ఇంట్లో ఉండేది. చిమ్మెటలు కొట్టి పనికిరాకుండా పోయాక అమ్మ దాన్ని నేల తుడిచే గుడ్డలకి చింపబోతుంటే సీనా అడిగి తీసుకుంది. కుట్టు ఒక్కొక్కటే విప్పి, ఎక్కడ ఎన్ని కుట్లున్నాయో, ఏ కుచ్చి ఎంత లోతు పోయిందో, నడుము దగ్గర ఎంత సన్నబడిందో పాత కేలెండరు వెనక రాసుకుంది. అంతా విప్పేశాక మళ్ళీ కుట్టింది. బాగా రాలేదు. మళ్ళీ విప్పింది. మూడోసారి కుట్టాక చేపల షెడ్డు మేస్త్రీ చూసి తన కిల్టు బాగుచేయమని తెచ్చిచ్చాడు. ఆ తరవాత మూడు రేవుల వాళ్ళూ ఆమె దగ్గరికే వచ్చారు. పని గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఎవరైనా మెచ్చుకుంటే, “వెనక్కి తిరగండి, కుచ్చిళ్ళు చూడాలి,” అనేది.

గిబ్బీ ఫ్లెట్‌కి సొంత కిల్టు లేదు. పడవ మీద ఇంజను చూసుకునే మనిషికి అంత ఖరీదైనది ఎలా వస్తుంది? పెళ్ళిళ్ళకి అద్దెది తెచ్చుకునేవాడు. తన పెళ్ళికీ అద్దెదే. పెళ్ళయిన మొదటి ఏడు పినతండ్రి కొడుకు పెళ్ళిలో నాట్యం చేస్తుంటే నడుం పట్టీ వెనక్కి మడతపడి, లోపల కుట్టిన అద్దెకొట్టు చీటీ అందరికీ కనపడింది. బల్లల మీద కొట్టి నవ్వారు. “గిబ్బీ, సోమవారం పొద్దున్నే వెనక్కిచ్చెయ్యాలిరో! మరక పడితే జరిమానా!” అని అరిచారు. గిబ్బీ కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మంచం చివర కూర్చుని, “ఒక్కసారైనా నాదనేది కట్టుకోవాలి సీనా,” అన్నాడు.

ఆ మాట మీద ఆమె మొదలుపెట్టింది. మొత్తం ఒకేసారి కొనడం తమ వల్ల కాదు. చవకరకం కొనడానికి ఆమెకి చేతులు రావు. అందుకని ఏడాదికొకటి, పాతదైనా సరే, మంచిది. ప్రతి పుట్టినరోజుకీ ఒకటి.

మొదట బెల్టు. పోర్ట్‌సోయ్‌లో ఒక ముసలి నావికుడు పోతే అతని సామాన్ల వేలంలో దొరికింది. బకిల్ పచ్చగా చిలుము పట్టి ఉంటే ఉప్పూ వెనిగరూ వేసి వారం తోమింది. తరవాత మేజోళ్ళు. అవి తనే అల్లింది. గిబ్బీ కుడిపిక్క ఎడమదానికన్నా లావని ఆమెకి తెలుసు, అందుకని కుడిదానికి రెండు కుట్లు ఎక్కువేసింది. ఇంకో ఏడు స్పొరన్, నడుము ముందు వేలాడే సీల్‌తోలు సంచి. అది హార్బరు వీధిలో పాతసామాన్ల కొట్లో మూత విరిగి, ఒక పక్క బొచ్చు రాలి పడి ఉంది. వెనకవైపు తోలు కత్తిరించి ముందుకి తెచ్చి కుట్టింది. బూట్లు ఒక రిటైరైన పోలీసువి. ఒక సైజు పెద్దవైతే లోపల ఫెల్ట్ పరిచింది. జాకెట్టు చనిపోయిన ఒక స్టేషన్‌మాస్టరుది. అతని భార్య దాన్ని పడేయలేక, చూడలేక ఉంటే, సీనా వెళ్ళి మూడు రోజులు ఆమె ఇంటి కర్టెన్లన్నీ కుట్టిపెట్టి తెచ్చుకుంది. ఒక ఏడు చేపలు పడలేదు. ఆ ఏడు అమ్మ ఇచ్చిన వెండి చెంచా కాడ కోసి, వంచి, వెనక ముల్లు అతికించి కిల్టు పిన్ను చేసింది. గిబ్బీ దాన్ని చేతిలో తిప్పి చూసి, “ఇహ నువ్వు సూప్ దేంతో తాగుతావే?” అన్నాడు.

అందరూ ముందు కిల్టు చేయించుకుని, మిగతావి ఒక్కొక్కటే పోగేస్తారు. సీనా కిల్టుని ఆఖరికి ఉంచింది. బెల్టుకి కన్నాలు పొడవొచ్చు, జాకెట్టు కుట్లు వదలొచ్చు. కిల్టు అలా కాదు. మనిషి నడుముకీ పిరుదులకీ కొలత పెట్టి ఇరవై ఏడు కుచ్చిళ్ళు పోసి చేత్తో కుట్టేది. పట్టీలు కాస్త అటూ ఇటూ జరపడం తప్ప ఏం చేయలేం. కింది అంచు నేతలో వచ్చే అంచే, మడత ఉండదు, కాబట్టి పొడుగూ పెంచలేం. “మగాడి నడుము నలభయ్యేళ్ళు దాటితే గానీ నిలకడకి రాదు,” అనేది ఆమె. అది ఆమె చేసిన తప్పు. పనితెలిసిన మనిషి మాత్రమే చేసే తప్పు.

పదో ఏడు బట్ట కొంది. మిల్లులో ఒకచోట నేత జారిందని చవగ్గా ఇచ్చేశారు. ఎనిమిది గజాలు. కిల్టులో పైకి కనిపించే బట్ట కొంచెం, కుచ్చిళ్ళ లోపలికి పోయేది చాలా. ఆ జారిన నేతని లోపలికి ఎలా తోయాలో ఆమె కొట్లో నిలబడే లెక్కేసుకుంది. గిబ్బీకి నలభై రెండు. నడుం ముప్పై ఆరు, పిరుదులు నలభై రెండు. కొలిచి, సుద్దతో గీసి, మొదలుపెట్టింది. వారానికి రెండు మూడు కుచ్చిళ్ళు. పూర్తయ్యాక చూస్తే, ఎక్కడా మడతే లేనట్టు గళ్ళన్నీ మళ్ళీ కలిసిపోవాలి. ఒక్కో కుచ్చీ ముందుదానికి వెంట్రుకవాసి తేడా లేకుండా పడితేనే అది కుదురుతుంది.

ఆ రోజుల్లో గిబ్బీ పనిచేసే పడవ అమ్మేశారు. గిబ్బీ లారీ మీద ఎల్గిన్ హోటళ్ళకి చేపలు వేసిరావడం మొదలుపెట్టాడు. ఒక శనివారం మధ్యాహ్నం సీనా కిటికీ దగ్గర పదో కుచ్చి కుడుతుండగా లోపలికొచ్చాడు. బూట్లు విప్పలేదు.

“సీనా, నేను ఎల్గిన్‌లో ఉండిపోతాను,” అన్నాడు.

“ఎన్నాళ్ళు?” అంది సీనా, కుట్టు మీంచి తలెత్తకుండా.

ఆ బూట్లు ఎంతకీ గుమ్మం దగ్గర్నుంచి కదలకపోయేసరికి ఆమె తలెత్తింది. అప్పుడర్థమైంది. సూదిని బట్టలో వదిలేయడం ఆమె జన్మలో ఎప్పుడూ చేయలేదు. ఆ రోజు వదిలేసింది.

తరవాత ఆ బట్టని అలాగే మడిచి, బెల్టూ బూట్లూ జాకెట్టూ అన్నీ ఉన్న చెక్కపెట్టెలో పైన పెట్టింది. ఏడాదికి రెండుసార్లు పెట్టె తెరిచి కలరా ఉండలు మార్చేది. మేజోళ్ళు దులిపేది, తోలుకి మైనం రాసేది. కిల్టుని మాత్రం విప్పలేదు, ముందుకీ కుట్టలేదు. ఎందుకని ఎఫ్ఫీ అడిగితే పనెక్కువగా ఉందనేది. అసలు సంగతి అది కాదు. పని సగంలో ఉన్నంతకాలం దాన్ని పూర్తిచేయించుకోవడానికైనా ఆ మనిషి మళ్ళీ ఈ గుమ్మం తొక్కాలి. కోర్టు కాగితాలొచ్చి, వాటి మీద సంతకం పెట్టాక కూడా ఆమె అలాగే అనుకుంది. ఆమెకి మిగిలిన ఆశ ఆ సగం కుట్టిన బట్టే.

ఇప్పుడు కబురొచ్చింది. సెప్టెంబరు ఆఖరి శనివారం పెళ్ళి. ఆ కిల్టు పూర్తిచేసిస్తే సంతోషమని గిబ్బీ అక్కచేత అడిగించాడు. కబురుతోపాటు కొలతలు రాసిన చీటీ. సీనా దాన్ని ముందు పెట్టుకుని చూసింది. గుండ్రటి చక్కటి రాత. నడుం 34. పిరుదులు 44. పొడుగు 21.

“ఇది అతని రాత కాదు,” అంది.

“అది రాసింది. యూనిస్. ఆ హోటలు వంటింట్లోదే. వాణ్ణి నిలబెట్టి కొలిచిందట, పాపం.”

“ప్యాంటు కట్టుకునేచోట కొలిచింది.”

ఎఫ్ఫీ రొట్టె నమలడం ఆపింది. తరవాత నవ్వడం మొదలుపెట్టి, దగ్గొచ్చి, కళ్ళు తుడుచుకుంది. మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు, కిల్టు బొడ్డు మీద కట్టేది. ప్యాంటు బెల్టు పొట్ట కిందికి జారిపోతుంది. అక్కడి కొలతతో కుడితే కిల్టు పైన పట్టదు. కిందికి దించి కట్టుకుంటే పొట్టి జాకెట్టుకీ దానికీ మధ్య చొక్కా బెత్తెడు బయటపడుతుంది. లాగి పైకి కడితే మోకాళ్ళ మీద బెత్తెడు తొడ కనిపిస్తుంది.

“కుట్టెయ్యవే సీనా! నా మీదొట్టు, అలాగే కుట్టెయ్! వాళ్ళిచ్చిన కొలతే కదా, నీ తప్పేముంది? చర్చిలో చిన్నపిల్లలా మోకాళ్ళు చూపించుకుంటూ నిలబడతాడు. ఆ ఒక్కటీ చూస్తే నేను హాయిగా చచ్చిపోతా.”

సీనా కూడా కొంచెం నవ్వింది. తరవాత చీటీ మడిచి పక్కన పెట్టింది.

“వచ్చి కొలతలిచ్చి వెళ్ళమని చెప్పు వదినా.”

ఎఫ్ఫీ ఆమె మొహం వంక కాసేపు చూసింది. నవ్వు పోయింది.

“అందుకా,” అంది నెమ్మదిగా. “అందుకా నువ్వు ఒప్పుకున్నది.”

గిబ్బీ ఆదివారం చర్చి వేళ దాటాక వచ్చాడు. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకున్నాడు. ఇదివరకు ఎప్పుడూ తుడుచుకునేవాడు కాదు. లావెక్కాడు. డీజిలు వాసన పోయి సబ్బు వాసనొస్తోంది.

“బాగున్నావా సీనా?”

“బాగానే ఉన్నాను. కోటు విప్పు. చేతులు పైకెత్తు.”

సీనా పొద్దున్నే లేచి పొగబెట్టిన హాడక్‌తో సూప్ చేసి పొయ్యి మీద పెట్టింది. ఇల్లంతా ఆ వాసన. గిబ్బీ అటువైపు ఒకసారి చూసి చేతులు పైకెత్తాడు. ఆమె టేపు అతని వెనకనుంచి తెచ్చి బొడ్డు మీద కలిపింది. ఊపిరాడేందుకు ఎప్పటిలాగే టేపు కింద తన వేలు ఉంచింది.

“పొట్ట లోపలికి లాక్కోకు. వదులు.”

“వదిలే ఉంచాను.”

“లేదు. నాకు తెలీదా? వదులు.”

అతను వదిలాడు. ముప్పై తొమ్మిది. పిరుదులు నలభై అయిదు. ఆమె రాసుకుంది. పొడుగు కొలవడానికి మోకాళ్ళ మీద కూర్చుంది.

“ఎల్గిన్‌లో ఇలా కొలిచేవాడు ఒక్కడూ లేడు,” అన్నాడు గిబ్బీ పైనుంచి. “నీ పనికి సాటి లేదు సీనా. యూనిస్‌తో కూడా అదే అన్నా.”

“నిటారుగా నిలబడు. కిందికి చూస్తే పొడుగు మారుతుంది.”

పెట్టె తెరిచి ఉంది. కొలతలయ్యాక గిబ్బీ దాని ముందు వంగాడు. బెల్టు తీశాడు, బకిల్ మీద బొటనవేలు రాశాడు. చెంచా పిన్ను తీసి చూశాడు. స్టేషన్‌మాస్టరు జాకెట్టు చేతిమీద వేసుకుని చూసి మళ్ళీ పెట్టేశాడు.

“ఇవన్నీ ఇలాగే దాచావా? మైనం కూడా రాశావు.”

“రాయకపోతే తోలు పగులుతుంది.”

“సీనా.” అతను లేచి నిలబడ్డాడు. “నేను తిరిగొస్తాననుకున్నావా?”

టేపు చుట్ట చుడుతున్న ఆమె చేతులు ఆగాయి. మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాయి. అవునని ఆమె అనలేదు, కాదని అబద్ధం చెప్పలేకపోయింది. గిబ్బీ కోటు తొడుక్కున్నాడు.

“ఈ జాకెట్టు నాకు పట్టదు ఇప్పుడు,” అన్నాడు గుండీలు పెట్టుకుంటూ. “మిగతావన్నీ కూడా యూనిస్ అన్నగారు ఇన్వర్నెస్‌లో కొత్తవి కొనిపెడుతున్నారు. పెళ్ళి బహుమానంగా. కిల్టొక్కటి చాలు. ఇవి నువ్వే ఉంచుకో.”

“నేనేం చేసుకోను?”

“ఏమో. అమ్ముకో. నీకేమైనా ఉపయోగపడతాయేమోనని...” అని ఆగిపోయాడు. మంచి మాటే అనబోయాడు పాపం, అది ఎలా అనాలో అతనికి తెలియలేదు.

“సూప్ తాగుతావా?” అంది సీనా.

“బస్సుకి టైమైంది.”

అతను వెళ్ళాక ఆమె రెండు గిన్నెల్లో ఒకటి లోపల పెట్టేసింది. రెండోదాంట్లో పోసుకుని, తినకుండా చాలాసేపు దాని ముందు కూర్చుంది.

మర్నాడు సాయంత్రం ఎఫ్ఫీ వచ్చేసరికి సీనా కిటికీ దగ్గర బల్ల మీద బట్ట పరిచి, భూతద్దం పెట్టుకుని, సన్నటి కత్తెర పట్టుకుని ఉంది. అంతకుముందు కుట్టిన తొమ్మిది కుచ్చిళ్ళ ముందు.

“విప్పుతున్నావా?”

“పిరుదులు మూడంగుళాలు పెరిగాయి. అందులో సగం ముందు చదునుగా ఉండే చెరగుకి, సగం వెనక కుచ్చిళ్ళకి పోవాలి. ఇరవై ఏడు కుచ్చిళ్ళకి పంచితే ఒక్కోదానికి దాదాపు అంగుళంలో పదహారో వంతు.”

“పదహారో వంతా! అది దేవుడి కంటికైనా ఆనుతుందా? ఆ తొమ్మిదీ అలా ఉండనిచ్చి, మిగతావి కొంచెం పెద్దవి వెయ్యి. వాడి వెనకాల కూర్చుని కొలుస్తారా ఎవరైనా?”

“గళ్ళు కలవవు వదినా. పదో కుచ్చి దగ్గర ఎర్రగీత పక్కకి జరిగిపోతుంది.”

“జరగనీ! వాడే పక్కకి జరిగిపోయాడు, గీతకేం వచ్చింది?”

సీనా మొదటి కుచ్చి పైకుట్టు తెంపింది. ఆ తొమ్మిదింటినీ వేసిన రోజులు ఆమెకి విడివిడిగా గుర్తున్నాయి. రెండోది వేస్తుంటే గిబ్బీ వెనకనుంచి వచ్చి చల్లటి చేతులు మెడ మీద పెట్టాడు. అయిదోది వేసిన రోజు కరెంటు పోయింది, కిటికీ వెలుగులో కుట్టింది. ఏడోది గాలివాన రోజు. అప్పటి కుట్లు ఎంత గట్టిగా పడ్డాయంటే ఒక్కోదానికి కత్తెర మొన రెండుసార్లు దూర్చాల్సివస్తోంది. విప్పినచోటల్లా బట్ట మీద పాత మడత గీత తేలింది. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె నొక్కితే ఆవిరి లేచి ఆ గీత కూడా పోయింది. తొమ్మిదీ అలాగే పోయాయి. ఎఫ్ఫీ తెగిన దారప్పోగులు ఏరి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ మూడు వారాలూ సీనా షెడ్డు నుంచి వచ్చి, చేపవాసన పోయేదాకా నిమ్మకాయతో చేతులు రుద్దుకుని కూర్చునేది. షెడ్డులో ఆడవాళ్ళు ఊరుకోలేదు. “ఏం సీనా, పెళ్ళికి పిలుపొచ్చిందా? కుట్టుకూలైనా దండుకో. లేకపోతే అతనికి నడుం పట్టీ లోపల అద్దె చీటీ కుట్టి పంపు!” అని ఒకామె అంటే అందరూ నవ్వారు. సీనా చేప వెన్నెముక మీంచి కత్తి జార్చి, ముక్క డబ్బాలో పడేసి, ఇంకో చేప తీసుకుంది. ఎఫ్ఫీ మాత్రం ఆ మాటన్నామె వంక చూసి, “నీ మొగుడి కిల్టు వెనక చూశానులే కిందటేడు. కుచ్చిళ్ళా అవి? పందికొక్కులు కొరికినట్టున్నాయి,” అంది. దాంతో ఆ రోజుకి అయిపోయింది.

నేత జారినచోటు పదకొండో కుచ్చిలో పడింది. తుప్పు మచ్చ ఈసారీ పదోదాంట్లోనే, కానీ లోపలి మడతలో బాగా లోతుగా పడేలా చూసుకుంది. పదోది వేసేటప్పుడు ఆమె చేయి ఆగలేదు. ఆగుతుందేమోనని భయపడింది గానీ ఆగలేదు. అది ఆమెకి ఇంకా బాధ అనిపించింది.

ఇరవై ఏడూ అయ్యాక కిల్టుని బల్ల మీద బోర్లా పరిచి చూసింది. గళ్ళు కలిశాయి. ఎర్రగీత ఈ చివరనుంచి ఆ చివరకి ఎక్కడా తొణకకుండా వెళ్ళింది. ఆమె చేతుల్లోంచి ఇంత మంచి పని ఇదివరకు రాలేదు. అది చూసుకుంటే సంతోషం కలగాలి. కలగలేదు. ఇక విప్పడానికీ, సరిచేయడానికీ, అతన్ని మళ్ళీ రమ్మనడానికీ ఏమీ మిగల్లేదు.

లోపల కాన్వాసు వేసి, పట్టీలూ బకిళ్ళూ కుట్టి, కుచ్చిళ్ళు చెదరకుండా తెల్లదారంతో అడ్డంగా మూడు వరసలు కచ్చాకుట్లు వేసింది. ఆ శనివారం ఎఫ్ఫీ సాయంతో పెట్టెలోవన్నీ హార్బరు వీధి పాతసామాన్ల కొట్టుకి మోసుకెళ్ళింది. కొట్టాయన స్పొరన్ని గుర్తుపట్టాడు. “ఇది నా దగ్గరే కొన్నావు కదూ? ఇలా ఎలా చేశావు దీన్ని?” అన్నాడు. చెంచా పిన్ను మాత్రం కొట్టుకి పోలేదు. అది ఆమె జేబులో ఉండిపోయింది.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు తలుపు చప్పుడైంది. గిబ్బీ కాదు. ఆకుపచ్చ వానకోటు వేసుకున్న ఒక ఆడమనిషి, నలభై ఉంటాయేమో, చేతిలో బిస్కెట్ల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

“మిసెస్ ఫ్లెట్ గారేనాండీ?” అని, వెంటనే నాలిక్కరుచుకుని ఎర్రబడింది. “నేను యూనిస్‌నండి. అతనికి రావడానికి మొహం చెల్లలేదు. నాకూ చెల్లలేదనుకోండి. కానీ ఎవరో ఒకరు రావాలి కదండీ.”

“సీనా కౌవీ అంటారు నన్ను. లోపలికి రా.”

యూనిస్ డబ్బాని ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకుంది. “ఆ కొలతల సంగతి అతను చెప్పాడండి. సిగ్గేసింది. మా నాన్నకి కిల్టు లేదు, అన్నయ్యకీ ఈమధ్యే. నాకేం తెలుసు.”

“చాలామంది అక్కడే కొలుస్తారు,” అంది సీనా. కిల్టు తెచ్చి బల్ల మీద పరిచింది. “చూసుకో. ఈ చెరగు ముందు లోపలికి పోతుంది. ఇది దాని మీదికి. బకిల్ కుడివైపు రావాలి, ఎడమవైపు కాదు. పైఅంచు బొడ్డు మీద. తను కిందికి జార్చి కట్టుకోబోతాడు, అలవాటు. ఒప్పుకోకు.”

“ఊఁ.”

“కూర్చునేటప్పుడు వెనక చేయి పెట్టి కుచ్చిళ్ళు కిందికి దువ్వుకోవాలి. కాదంటే నలుగుతాయి. కారులో మర్చిపోతాడు. నువ్వే చెప్పాలి. ఇదిగో, పిన్ను.” సీనా జేబులోంచి చెంచా పిన్ను తీసి ముందు చెరగుకి గుచ్చి చూపించింది. “పై పొరకి మాత్రమే. రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు లాగి బట్ట చిరుగుతుంది.”

“ఎంత బాగుందండీ ఇది! ఇది కూడా అతనిదేనండీ?”

“కాదు,” అంది సీనా, పిన్ను తీసి మళ్ళీ జేబులో వేసుకుంటూ. “మా అమ్మది.”

యూనిస్ కుచ్చిళ్ళ మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. “ఈ తెల్లదారం ఏంటండీ?”

“కట్టుకునే రోజు పొద్దున తీసెయ్యాలి. ముందే తీస్తే ప్రయాణంలో చెదురుతాయి. కత్తెరతో పొడవొద్దు. ఈ చివర ముడి కోసి మెల్లగా లాగితే మొత్తం వచ్చేస్తుంది.”

“ఎవరు తీస్తారండీ?”

“ఇంట్లోవాళ్ళు,” అంది సీనా.

యూనిస్ తలొంచుకుంది. ఆమె కళ్ళు నిండాయి గానీ సీనా అటు చూడలేదు. కిల్టుని కుచ్చిళ్ళు లోపలికి వచ్చేలా నిలువుగా గట్టిగా చుట్టింది. పాత నైలాను మేజోడు ఒకటి, మడమ దగ్గర కత్తిరించి ఉంచింది, దాంట్లోకి ఆ చుట్టని నెమ్మదిగా దూర్చి రెండు చివరలూ ముడేసింది. ఇక్కడ ఏ ఇంట్లోనైనా కిల్టు ఊరు దాటేది అలాగే. ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసింది. రెండు చేతులతో ఎత్తి అందించింది.

యూనిస్ బిస్కెట్ల డబ్బా కుర్చీలో పెట్టి, రెండు చేతులూ చాపి అందుకుంది. బరువుకి చేతులు కొంచెం కిందికి వాలాయి.

“ఇంత బరువా అండీ!”

“ఎనిమిది గజాలు,” అంది సీనా, చేతులు వదిలేస్తూ.